స్కూలు నాటికలో గ్రహాంతరవాసులకు భాష ఎలా తయారు చేయాలి? పాత సినిమాల్లో ఎలా చేశారు?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో గ్రహాంతరవాసులు మాట్లాడేవి నిజంగా భాషలేనా, నోటికొచ్చినట్టు పలికించారా అనేది ఒకటి. మీ స్కూలు వార్షికోత్సవం నాటికకు అలాంటి భాష ఒకటి పిల్లలతో తయారు చేయించవచ్చా అనేది రెండోది. నేను కావలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు మాస్టారిని. డిగ్రీ రోజుల్లో వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని ఈ సినిమాలు చూసినవాణ్ణి, ఇప్పటికీ ఆ పిచ్చి వదల్లేదు. మూడేళ్ల కిందట మా పిల్లలతో ఇలాంటి నాటికే వేయించాను. అందులో నేనొక తప్పు చేశాను. మీరు ఆ తప్పు చేయకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా కథ చిన్నదే. వేరే గ్రహం వాళ్లు నీళ్ల కోసం మా ఊరి చెరువు గట్టు మీద దిగుతారు. అక్కడ మేకలు కాసుకుంటున్న ముగ్గురు పిల్లలు వాళ్ల కంటపడతారు. వచ్చినవాళ్లకు తెలుగు రాదు, పిల్లలకు వాళ్ల మాట రాదు.

మొదటి రోజు రిహార్సల్లో "మీకు తోచిన భాష మాట్లాడండిరా" అన్నాను. సగం మంది బాహుబలిలో కాలకేయుల్లాగా నాలుక టకటకలాడించారు. మన పిల్లలకు తెలిసిన కల్పిత భాష అదే కాబట్టి అది సహజమే. 2015లో వచ్చిన ఆ సినిమా కోసం మదన్ కార్కి కిలికి భాషను సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో తయారు చేశారు. మిగతా సగం మంది "జిలిబిలి కురుబుకు డమడమా" అన్నారు. వాళ్లన్నవి నల్లబల్ల మీద రాశాను. ప్రతి మాటా అచ్చుతోనే ఆగింది, ఒక్కటి కూడా హల్లుతో ఆగలేదు. పైగా జి-లి-బి-లి, కు-రు-బు-కు అని ఒకే అచ్చు వరస. అంటే పిల్లలు కొత్త భాషేమీ మాట్లాడలేదు, అర్థం తీసేసిన తెలుగు మాట్లాడారు. తెలుగు అజంత భాష అని పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ రోజు నిమిషంలో ఎక్కింది. "అయితే హల్లుతో ఆపితే మనది కాకుండా పోతుంది గదా సార్" అని ఒక పిల్లవాడే అన్నాడు. అప్పటికప్పుడు గ్రోఖ్, తజ్‌లిట్, డుఖ్ లాంటి మాటలు పుట్టుకొచ్చాయి. మీరూ మొదట ఈ పని చేయించండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

సినిమా వాళ్లకు ఎదురైన చిక్కు కూడా ఇదే. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌కు శబ్దాలు రూపొందించిన బెన్ బర్ట్ ఇంగ్లిష్ మాట్లాడే మనిషి. ఇంగ్లిష్ నోరు ఊరికే ఏదో ఒకటి పలికితే అది ఇంగ్లిష్ లాగే వినబడుతుంది. అందుకని ఆయన తన ప్రేక్షకులు ఎప్పుడూ విని ఉండని భాషల రికార్డులు వెతికాడు. పచ్చ మొహం గ్రీడో అనే వేటగాడు హాన్ సోలోను బల్ల దగ్గర కూర్చోబెట్టి బెదిరించే సీను గుర్తుందా? ఆ మాటల శబ్దానికి మూలం దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద లక్షలమంది మాట్లాడే క్వెచువా. ఏ భాషనైనా అనుకరించగల లారీ వార్డ్ అనే భాషాశాస్త్ర విద్యార్థి గ్రీడోకు గొంతు ఇచ్చాడు. ఎడారిలో ఇనప తుక్కు ఏరుకునే పొట్టి జావాల మాటలకు ఆధారం ఆఫ్రికాలోని జులూ. రికార్డు చేసి వేగం పెంచారు. వీటిలో అసలు భాషల అర్థం ఉండదు. తీసుకున్నది ధ్వని, లయ మాత్రమే. అర్థం తెర కింద అక్షరాల్లో వస్తుంది.

స్టేజీ మీద మనకు ఆ అక్షరాలుండవు. అందుకు అదే సినిమాలోని చూబాకాను చూడాలి. ఆ బొచ్చు మనిషి గొంతు ఎలుగుబంటి అరుపులకు మరికొన్ని జంతువుల అరుపులు కలిపి చేసింది. ఆ పాత సినిమాల్లో అతని మాటకు కింద అక్షరాలు పడవు. అయినా మనకు అర్థమవుతుంది, ఎందుకంటే పక్కనున్న హాన్ సోలో జవాబు చెబుతాడు. సంక్రాంతికి గంగిరెద్దుల అతను ఇంటి ముందుకొచ్చి ఎద్దును అడుగుతాడు, ఎద్దు తల ఊపుతుంది, అది ఏమందో అతనే మనకు చెబుతాడు. వాకిట్లో నిలబడ్డ పసిపిల్లలకు కూడా ఎద్దు మాట్లాడినట్టే ఉంటుంది. మీ నాటికలో కూడా గ్రహాంతరవాసి ఒక మాట అంటే, భూమి పిల్లవాడు "ఏంది, కుండ కావాలా?" అని తిరిగి అడగాలి. ఆ ఒక్క ప్రశ్నతో మాట అర్థం ప్రేక్షకులందరికీ చేరిపోతుంది.

ఇంకో పాత ఉపాయం 1951 నాటి 'ది డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్'లో ఉంది. "క్లాటు బరాడ నిక్టో" అనేవి మూడే మాటలు. ఆ మాటలకు అర్థం ఏమిటో సినిమాలో ఎక్కడా చెప్పరు. తనకేమైనా అయితే గోర్ట్ అనే రోబో దగ్గరకు వెళ్లి ఈ మాటలు చెప్పమని గ్రహాంతరవాసి హెలెన్ అనే ఆమెకు ముందే అప్పగిస్తాడు. ఆమె భయంతో వణుకుతూ ఆ మాటలు పలుకుతుంది, రోబో ఆగుతుంది. అంతే. ఇందులో నాకు బాగా నచ్చేది ఏమిటంటే మొదటి మాట అతని పేరే. మనకు తెలిసిన పేరు పట్టుకుని తెలియని రెండు మాటల్లోకి వెళతాం. తెలిసిన మాట ఒకటి ముందు పెడితే చెవి భయపడదు.

ఇక నా తప్పు సంగతి.

బెన్ బర్ట్ పద్ధతి నాకు తెగ నచ్చింది. క్వెచువా ఎక్కడో ఉంది, మన దగ్గరే వినబడే భాషలు లేవా అనుకున్నాను. చిన్నప్పుడు మా సంతలో తట్టలు, చాటలు అమ్మే ఎరుకల ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే పక్కన నిలబడి వినేవాణ్ణి. తమిళానికి దగ్గరగా ఉండే భాష అది, మనకు అర్థం కాదు. అందులో నాలుగైదు మాటలు నాకు ఇప్పటికీ గుర్తు. వాటిని కొంచెం అటూ ఇటూ మార్చి, రాత్రిపూట చెరువులో నీళ్లు దొంగిలించే గ్రహాంతరవాసి నోట్లో పెట్టాను. ఆ పాత్ర వేసిన కుర్రాడు గొంతు మార్చి భలే పలికాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి మాత్రం నవ్వలేదు. రిహార్సల్ అయ్యాక నా దగ్గరకొచ్చి, కింద చూస్తూ, "సార్, అది నీళ్లకి మా అవ్వ అనే మాట" అంది. తర్వాత రెండు రోజులు స్కూలుకి రాలేదు.

నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరజాతుల చట్టం అని ఒకటి తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసి, కులాలకు కులాలనే పోలీసు లెక్కల్లోకి ఎక్కించిన చట్టం. తర్వాత దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించినప్పుడు ఎరుకల వాళ్లు అందులో పడ్డారు. వాళ్లను కంచెల మధ్య, హాజరు పట్టీల మధ్య ఉంచిన సెటిల్‌మెంట్లలో ఒకటి మా కావలిలోనే ఉండేది. చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది. మా ఊళ్లో పెద్దవాళ్ల నోట ఆ 'సెటిల్‌మెంటు' అనే మాట ఇంకా పోలేదు. అలాంటి చోట, ఆ పిల్ల ఇంటి మాటను తీసుకెళ్లి నేను దొంగ పాత్ర నోట్లో పెట్టాను. పేర్లు మార్చినా, గొంతు మార్చినా, ఆ పిల్ల చెవికి అది తన ఇల్లే.

మూడో రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. అవ్వ అరుగు మీద కూర్చుని ఈత బరికెలతో తట్ట అల్లుతోంది. ఒక బరికెను పళ్లతో పట్టుకుని, ఇంకోదాన్ని కిందనుంచి పైకి లాగుతూ, నా వైపు చూడకుండానే "మా మాట దొంగోడికి పెట్టినావంట గదా సారూ" అంది. "తప్పయిపోయిందవ్వా, తీసేశాను" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. బరికె లోపలికి దూర్చి బిగించాక, "ఆ పైనుంచి దిగినోళ్లకి అమ్మ ఉంటదా?" అని అడిగింది. ఉంటుందన్నాను. "మరి అమ్మని ఏమని పిలస్తారు?" నా దగ్గర జవాబు లేదు. తుపాకీకి మాట పెట్టాం, దాడికి మాట పెట్టాం, నీళ్లకు దొంగ మాట పెట్టాం. అమ్మకు మాట పెట్టలేదు.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది 1983లో వచ్చిన స్టార్ వార్స్ మూడో సినిమా. అందులో అడవిలో ఉండే ఎలుగుపిల్లల్లాంటి ఈవాక్‌ల భాషకు బెన్ బర్ట్ ప్రధానంగా వాడుకున్నది కల్మిక్ భాషను. కాస్పియన్ సముద్రం పక్కన, మంగోలు జాతికి చెందిన చిన్న సమాజం వాళ్లది. ఒక కల్మిక్ పెద్దావిడ మాట్లాడుతుండగా రికార్డు చేసుకున్న ధ్వని అది. ఆ జనాన్ని 1943 డిసెంబరులో స్టాలిన్ ప్రభుత్వం మొత్తంగా రైళ్లెక్కించి సైబీరియాకు తరిమింది. తిరిగి ఇళ్లకు రావడానికి వాళ్లకు పదమూడేళ్లు పైనే పట్టింది. తెర మీద మనం నవ్వుకుంటూ వినే ఆ గొంతుల వెనక అంత కథ ఉంది. ఆ సినిమా అంటే నాకిప్పటికీ ఇష్టమే, ఈవాక్‌లు అందులో మంచివాళ్లే. కానీ ఇప్పుడు చూస్తే ఆ పెద్దావిడ గుర్తొస్తుంది. బతికున్న భాష నుంచి ధ్వని తీసుకుంటే అది ఎవరిదో అడిగి తీసుకోండి, విలన్‌కు మాత్రం ఇవ్వకండి. దీంట్లో నేను ఎవరితోనూ రాజీపడను.

అడిగి తీసుకోవడం కుదరకపోతే రెండో దారి ఉంది. మొదటినుంచీ సొంతంగా కట్టుకోవడం. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సినిమాల్లో క్లింగాన్‌లనే గ్రహాంతరవాసులకు భాష కట్టిన మార్క్ ఓక్రాండ్ చేసింది అదే, మేమూ చివరికి అటే వెళ్లాం. ఈయన భాషాశాస్త్రవేత్త. కాలిఫోర్నియా మూలవాసుల భాషల్లో ఒకటైన ముట్సన్ వ్యాకరణం మీద డాక్టరేట్ చేశాడు. ఆ భాష ధారాళంగా మాట్లాడిన చివరి మనిషి 1930లో పోయారు. ఓక్రాండ్ ఆ భాషను పాత కాగితాల నుంచి ఏరుకుని మళ్లీ కూర్చాడు. పోయిన భాష విలువ తెలిసిన మనిషి ఆయన.

సినిమాల్లో ఆయన మొదటి పని 1982లో స్టార్ ట్రెక్ రెండో సినిమాకు. స్పాక్, సావిక్ అనే పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీనును అప్పటికే ఇంగ్లిష్‌లో షూటింగ్ చేసేశారు. తర్వాత అది వాళ్ల వల్కన్ జాతి భాషలో ఉంటే బాగుంటుందన్నారు. అంటే పెదాల కదలికకు సరిపోయే కొత్త మాటలు కావాలి. మన డబ్బింగ్ రచయితలు రోజూ చేసే పనే ఇది. నటుడి పెదాలు మూసుకుంటే అక్కడ ప, బ, మ లలో ఏదో ఒకటి పడాలి. ఓక్రాండ్ మొదటి గ్రహాంతర మాటలు అలా, ఇంకొకరి పెదాల మీద పుట్టాయి.

క్లింగాన్ భాష అసలు కథ 1984లో వచ్చిన మూడో సినిమాతో మొదలైంది. 1979 నాటి మొదటి సినిమాలో జేమ్స్ డూహన్ అనే నటుడు కట్టిన కొన్ని పలుకులు ఉండేవి. ఓక్రాండ్ వాటిని పారేయలేదు, వాటినే పునాదిగా పెట్టుకుని పూర్తి వ్యాకరణం కట్టాడు. షూటింగ్‌లో నటులు తప్పు పలికితే కొన్నిసార్లు భాషనే దానికి తగ్గట్టు సర్దుకున్నాడు. 1985లో క్లింగాన్ నిఘంటువు పుస్తకంగా వచ్చింది. 1992లో ఆ భాష కోసం ఒక సంస్థే పుట్టింది, తర్వాత హామ్లెట్ నాటకం మొత్తం అందులోకి వెళ్లింది.

తెలుగు మాస్టారిగా నన్ను పట్టేసింది దాని లోపలి పని. ఓక్రాండ్ ఏ ఒక్క భాషనూ ఎత్తి తేలేదు. ఒక్కో లక్షణం ఒక్కో చోట నుంచి ఏరి, మామూలుగా పక్కపక్కన ఉండనివాటిని పక్కపక్కన పెట్టాడు. అందులో నాలుక మడిచి పలికే 'డ' ఉంది. అమెరికన్ నటులు దానికోసం సాధన చేయాలి, మన ఒకటో తరగతి పిల్లవాడు అలవోకగా అంటాడు. మన 'ష' లాంటిదీ ఉంది. కానీ వాళ్ల 'ట' మాత్రం మనలా మడిచేది కాదు. డ ఒక చోట, ట ఇంకో చోట. మన వర్ణమాలలో జంటగా కూర్చున్నవాటిని విడదీశాడన్నమాట. అలాగే "వాడు మా అన్న" అన్నప్పుడు మనకు మధ్యలో క్రియ అక్కర్లేదు గదా, క్లింగాన్‌లో కూడా ఇంగ్లిష్‌లో ఉన్న ఆ క్రియ పెట్టలేదు. 1991లో ఆరో సినిమాలో షేక్‌స్పియర్ "ఉండటమా, ఉండకపోవడమా" అన్న వాక్యం క్లింగాన్‌లో కావాల్సొచ్చింది. లేని క్రియను ఎక్కడ నుంచి తెస్తాడు? "కొనసాగు" అనే అర్థమున్న 'టహ్' వాడి "టహ్ పగ్ టహ్‌బె" అని పలికించాడు.

వాక్య క్రమంలో మాత్రం ఆయన ఉపాయం మనకు నేరుగా పనికిరాదు. ప్రపంచ భాషల్లో చాలా అరుదైన కర్మ, క్రియ, కర్త వరస ఆయన తీసుకున్నాడు. మేమూ "ఆవును చంపింది పులి" అని నల్లబల్ల మీద రాసుకున్నాం. పిల్లలు "ఇందులో కొత్తేముంది సార్, మామూలుగానే ఉంది గదా" అన్నారు. నిజమే. మన విభక్తులు ఉన్నంతవరకు మాటలు ఎటు తిప్పినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. అప్పుడు విభక్తి తీసేసి "ఆవు చంపు పులి" అని రాశాం, ముందున్నదే చచ్చేది అని నియమం పెట్టుకున్నాం. అంతే, తరగతి అంతా తికమకపడిపోయింది. "పులి చంపు ఆవు" అంటే ఎవరు చచ్చారో చెప్పడానికి ఒక్కొక్కరూ ముక్కు మీద వేలేసుకుని ఆలోచించారు. అదీ పరాయి భాష దెబ్బ.

మా నాటికను నిలబెట్టింది మాత్రం లెక్కపెట్టడం. క్లింగాన్‌లో బహువచనానికి మూడు ప్రత్యయాలు. మాట్లాడగల జీవులకు ఒకటి, శరీర భాగాలకు ఒకటి, మిగతా అన్నిటికీ ఒకటి. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. మనం ఎద్దులు రెండు అంటాం, మనుషులు ఇద్దరు అంటాం. మహత్తు, అమహత్తు అని వ్యాకరణంలో చెప్పుకునేది అదే. ఎవరినైనా "రెండొచ్చాయి" అంటే ఎంత అవమానమో మనకు చెప్పక్కర్లేదు. మా పిల్లలు దీన్ని పట్టుకున్నారు. మూడుకు 'త్రోప్' అని మాట పెట్టారు. వస్తువులు, జంతువులైతే చివర 'గుట్', తమ వాళ్లయితే 'లీన్'. నాటికలో గ్రహాంతరవాసి కుండలు చూసి "త్రోప్‌గుట్" అంటాడు, మేకలు చూసి "త్రోప్‌గుట్" అంటాడు, తన తోటివాళ్లను చూపించి "త్రోప్‌లీన్" అంటాడు, ఆ తర్వాత మన ముగ్గురు పిల్లల వైపు తిరిగి "త్రోప్‌గుట్" అంటాడు. ఒక్క తెలుగు మాట లేకుండా ప్రేక్షకులకు కోపం వచ్చింది.

ఈ మాటలన్నీ రాసి ఉంచిన నోటుబుక్కు ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి దగ్గరే ఉండేది. ఎవరైనా రిహార్సల్లో తప్పు పలికితే "అది కాదు, బుక్కులో ఇట్టా ఉంది" అని తనే దిద్దేది. మొదటి పేజీలో మొదటి మాట అమ్మకు పెట్టింది. అందరూ అజంతం కాని మాటలే కావాలని పట్టుబడితే, ఆ ఒక్క మాట మాత్రం అచ్చుతోనే ఆగాలని వాదించి గెలిచింది.

మాటలే వద్దనుకుంటే ఇంకో దారి కూడా ఉంది, క్లుప్తంగా చెబుతాను. 1977లోనే వచ్చిన 'క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్'లో జాన్ విలియమ్స్ కట్టిన ఐదు స్వరాలే భాష. మన లెక్కలో రి, గ, స, మంద్ర స, మంద్ర ప అవుతాయి. ఐదూ మోహనలో ఇమిడిపోయే స్వరాలే. ఆ సినిమాలో మన దేశంలో జనం గుంపుగా ఆ స్వరాలు పాడుతుంటారు. ఇవి ఎక్కడ నుంచి వచ్చాయని అడిగితే వందల చేతులు ఒక్కసారిగా ఆకాశం వైపు లేస్తాయి. మీ ఊళ్లో సన్నాయి వాయించేవారు ఉంటే రెండు నిమిషాల్లో పలికించి చూపిస్తారు.

నాటిక రోజు చివరి సీనులో, దప్పికతో పడిపోయిన గ్రహాంతరవాసికి ఒక పిల్లవాడు చెంబుతో నీళ్లిస్తాడు. తాగి లేచి, ముగ్గురు పిల్లలనూ ఒక్కొక్కరినే చూసి, వేలితో లెక్కపెట్టి "త్రోప్‌లీన్" అంటాడు. ఒక్క క్షణం నిశ్శబ్దం. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన పక్కాయనతో "ఇప్పుడు మనుషుల్లో కలిపినాడు" అన్నాడు. మైకు లేకపోయినా ఆ మాట స్టేజీ దాకా వినబడింది.

మీకు నెల రోజులే టైముంటే నలభై మాటలు చాలు, పిల్లలకు టెన్షన్ పెట్టకండి. రెండు ప్రత్యయాలు, ఒక వాక్య నియమం, హల్లుతో ఆగే మాటలు. ఒక నోటుబుక్కు కొని, ఎప్పుడూ స్టేజీ ఎక్కని పిల్ల ఎవరో చూసి ఆ పిల్ల చేతికివ్వండి. మొదటి మాట అమ్మకు పెట్టించండి.